ముందు మురుగుకాలువ, తర్వాత కొడవలి

తడి మేత భూముల్లో జమ్ము, తుంగ, కంప నివారణ గురించి ప్రొద్దుటూరులో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



పొద్దున్నుంచి ధరల గురించి, పంటల బీమా గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మేత భూముల గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగినారు. అందులోనూ తడి మేత భూములు. కాలువ ఊట దిగే పల్లం, చెరువు లోపలి అంచు, వంక గట్టు. అక్కడ లేచిన జమ్ము, తుంగ, సర్కారు కంప. వాటిని ఎట్ల వదిలించుకోవాల, ఎందుకు వదిలించుకోవాల అనేదే ఈ పొద్దు మా మాట.

ఇదేం పెద్ద విషయమని కొందరికి అనిపించొచ్చు. పంట పోతే రాసుకునేదానికి ఒక రిజిస్టరు ఉంది, పరిహారం అడిగేదానికి ఒక ఆఫీసు ఉంది. మేత పోతే రాసుకునేవాళ్లు లేరు. రెండు ఎనుములు పెట్టుకొని డెయిరీకి పాలు పోసి బతికే ఇల్లు, అర ఎకరా కూడా లేని గొర్రెల కాపరి, వీళ్లకు ఆ పల్లమే పొలం. అది జమ్ము కింద పోయిందంటే వాళ్ల సేద్యం పోయినట్లే.

మా ఊరి పల్లం

మా ఊరు కె.సి. కాలువ చివరి భూముల్లో ఉంది. వరి మడులకు దిగువన, వంకకు ఎగువన ముప్పై ఎకరాల పైచిలుకు మేత పోరంబోకు. మా చిన్నప్పుడు అక్కడ మోకాలెత్తు కసువు ఉండేది. మిట్టన గరిక, పల్లాన మెత్తని కసువు. నట్ట ఎండాకాలంలో కూడా గొడ్లకు పచ్చి దొరికేది. మడుల్లో మిగిలిన నీళ్లు ఒక మురుగుకాలువ పట్టుకొని ఈ పల్లం మీదుగా వంకలో కలిసేవి. ఆ కాలువను ఏటా ఎండాకాలం ఊరంతా కలిసి తీసేవాళ్లం. ఇంటికొక మనిషి, ఇంటికొక పార. అది ఎవరూ రాసిన చట్టం కాదు, ఊరి కట్టుబాటు.

ఆ కట్టుబాటు ఎప్పుడు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. ఒక ఏడు మానేసినాం, రెండో ఏడు మానేసినాం. వంకలో కలిసే మూతి దగ్గర సర్కారు కంప లేచింది. కంపకు చెత్త తట్టుకుంది, చెత్తకు ఒండ్రు తట్టుకుంది. మూతి మూసుకుంది. నాలుగు నెలలు నిలిచే నీళ్లు తొమ్మిది నెలలు నిలిచినాయి. నీళ్లు నిలిచిన చోట జమ్ము లేచింది. జమ్ము మొదళ్లలో నత్తలు చేరినాయి. నత్తల వల్ల గొర్రెలకు కార్జపు జలగ పట్టింది. గొర్రెలు చచ్చేసరికి కాపర్లు అటు తోలడం మానేసినారు. గొడ్లు తొక్కని చోట జమ్ము ఇంకా ఎత్తు పెరిగింది.

ఆఖరికి ఒక రోజు ఎవరో వచ్చి గొలుసు పట్టి ఆ భూమిని కొలిచినారు. అడిగితే, "ఇది ఎవరికీ పనికిరాని భూమి కదా" అన్నారు. ఆ మాటతో ఊరు ఉలిక్కిపడి లేచింది. ఒక ముసలి కాపరి ఆ పొద్దు అన్న మాట మాకు ఇంకా చెవుల్లో ఉంది. "పనికిరాని భూమి కాదు సామీ, మనం పని చేయని భూమి" అన్నాడు.

మేము చేసిన తప్పులు

ముందు మా తప్పులు చెప్తాం. మీరు అవే చేయకుండా ఉంటే మా ఖర్చుకు ఫలితం దక్కినట్లే.

మొదటి ఏడు నిప్పు పెట్టినాం. ఎండిన జమ్ము బాగా అంటుకుంటుంది, చూసేదానికి పని అయిపోయినట్లే ఉంటుంది. కానీ జమ్ము ప్రాణం పైన లేదు. బురదలో వేలు లావున పాకే దుంపల్లో ఉంది. పైన కాలితే దుంపకు ఏమీ కాదు. నెల తిరక్కుండానే కత్తుల్లాగా కొత్త మొలకలు లేచినాయి.

రెండో ఏడు చందా వేసుకొని మందు కొట్టినాం. అంగట్లో అడిగితే కలుపు మందు అని 2,4-డి ఇచ్చినారు. అది వెడల్పు ఆకు మొక్కల మీద, కొన్ని తుంగల మీద పనిచేసే మందు. జమ్ముకు అది పెద్దగా తగలదు. జమ్ము అట్లనే నిలబడింది. గాలి మాత్రం పక్క చేని వైపు తిరిగింది. 2,4-డి అంటే పత్తికి గిట్టదు, చాలా కొంచెం తగిలినా చాలు. పది రోజులకు ఆ రైతు పత్తి ఆకులు బెండాకుల మాదిరి చీలి ముడుచుకున్నాయి. మా వాడే, మా సంఘం సభ్యుడే. అతనికి మేమందరం కలిసి డబ్బు కట్టిచ్చినాం. డబ్బు తీసుకున్నాడు గానీ ఆ ఏడంతా మాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో తప్పు లేదు.

మూడో ఏడు జేసీబీ పెట్టి నడిమధ్యన తవ్వించినాం. అడుగున ఉన్న ఒండ్రును, దుంపలను తీసి అక్కడే గట్టున పోసినాం. నడిమధ్యన గుంత పడింది, నీళ్లు పోయే దారి లేదు. వానకు గట్టున పోసిన దుంపలు మళ్లీ లోపలికి జారినాయి. తవ్విన గుంత చుట్టూ కొత్త జమ్ము మొలిచింది. మూతి తెరవకుండా నడుమ తవ్వితే మడుగు అవుతుంది గానీ మేత భూమి కాదని అప్పుడు అర్థమయింది.

జమ్ము రోగం కాదు, రోగం గుర్తు

మూడేళ్లు పోగొట్టుకున్నాక మాకు తెలిసింది ఒకటే. జమ్ము దానంతట అది వచ్చేది కాదు. నీళ్లు నిలిచినాయి అని చెప్పేదానికి వస్తుంది. నీళ్లు మన చేతిలో ఉంటే జమ్ము మన చేతిలో ఉంటుంది. నీళ్లు మన చేతిలో లేకపోతే ఎన్ని కొడవళ్లు పట్టినా, ఎన్ని డబ్బాల మందు పోసినా వృథా.

ఈ సంగతి మన ఒక్క ఊరిది కాదు. కె.సి. కాలువను 1860ల్లో మద్రాసు కంపెనీ ఒకటి తవ్వించింది, సాగు కోసం, పడవలు నడిపేదాని కోసం. 1882లో సర్కారు దాన్ని కొనుక్కుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడప దాకా వచ్చే ఈ కాలువ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు. తర్వాత జపాన్ రుణంతో ఆధునికీకరణ కూడా చేసినారు. నూట యాభై ఏండ్లుగా నీళ్లు తెచ్చే కాలువ గురించి అందరూ మాట్లాడినారు. నీళ్లు తీసుకుపోయే కాలువ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మన ప్రొద్దుటూరు దిక్కు నల్లరేగడి. నీళ్లు తొందరగా ఇంకవు. మురుగుకాలువ మూసుకుంటే పైన జమ్ము, ఎండితే చౌడు. రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

పులివెందుల అన్నలు "మాకు తాగేదానికే నీళ్లు కష్టం, జమ్ము మాట మాకెందుకు" అనుకోవద్దు. చిత్రావతి రిజర్వాయరు నుంచి, గండికోట నుంచి మీ చెరువులకు నీళ్లు వస్తాండాయి. నీళ్లు రావాలని మనమే పోరాడినాం, సంతోషం. కొత్తగా నీళ్లు నిలిచే చోట మొదటి రెండు మూడేళ్లలోనే జమ్ము కాలు పెడుతుంది. ఒక్క జమ్ము కండెలో లక్షల విత్తనాలు ఉంటాయి, దూది మాదిరి గాలికి ఎగిరిపోతాయి. చెరువులో పది దుబ్బులు ఉన్నప్పుడే పీకేసేది సులువు, పది ఎకరాలు అయినాక కష్టం. మైలవరం కాలువల కింది జమ్మలమడుగు రైతులకూ ఇదే చెప్తున్నాం.

దూరదేశంలో కూడా ఇదే కథ. ఐర్లండులో తడి మేత భూములు ఎక్కువ. అక్కడ మన తుంగ మాదిరి గట్టి గడ్డి ఒకటి పచ్చికను మింగేస్తుంది. దాన్ని చంపేదానికి రైతులు 2,4-డికి చెల్లెలు లాంటి ఎంసీపీఏ అనే మందు కొట్టినారు. ఆ మందు వానకు కొట్టుకుపోయి తాగేనీళ్లలో తేలింది. ఇప్పుడు అక్కడి అధికారులే, నీళ్ల పక్కన మందు కొట్టొద్దండి, ముందు నీళ్లు పోయే దారి, మట్టి బాగోగులు చూసుకోండి అని ఊరూరా చెప్తాండారు. మనం ఆ దారి అంతా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు.

జమ్మును ఎట్ల చంపినాం

నాలుగో ఏడు నుంచి మేము చేసిన పని వరుసగా చెప్తాం.

కాలువకు నీళ్లు ఆగిపోయిన ఎండాకాలంలో మురుగుకాలువ తీసినాం. కింది నుంచి పైకి తీసినాం, పైనుంచి కిందికి కాదు. ముందు వంకలో కలిసే మూతి. అక్కడ కంప పెరికి, ఒండ్రు తీసి, నీళ్లు పోయే వాటం చూసుకొని, అప్పుడు పైకి నడిచినాం. తీసిన ఒండ్రును గట్టున పోయలేదు. దుంపలు ఏరి ఎండలో ఆరబెట్టి, మట్టిని రైతులు ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. మిట్ట చేలకు అది మంచి ఎరువు. దుంపలు ఏరకుండా తోలుకుంటే మాత్రం మీ చేనికి మీరే జమ్ము తోలుకున్నట్లు.

రెండో పని, మూతి దగ్గర ఇసుక బస్తాలతో చిన్న అడ్డుకట్ట. కావలసినప్పుడు నీళ్లు నిలిపేదానికి, అక్కర లేనప్పుడు వదిలేదానికి. నీళ్లు తీసేయడానికే కదా కాలువ తీసినారు, మళ్లీ అడ్డుకట్ట ఎందుకని మా ఊళ్లోనూ అడిగినారు. కారణం ఉంది.

జమ్ము నీళ్లలో ఉండి కూడా ఎందుకు కుళ్లదు? దాని ఆకుల్లో, కాడల్లో గాలి గొట్టాలు ఉంటాయి. పైనుంచి గాలి లాగి బురదలో ఉన్న దుంపకు పంపుతుంది. ఎండిన కాడ కూడా గొట్టం మాదిరి పనిచేస్తుంది. అందుకే నీళ్ల పైన కోస్తే దానికి నష్టం లేదు. నీళ్ల అడుగున, మొదలంటా కోసి, కోసిన మోడు మీద జానెడు నీళ్లు మూడు నాలుగు వారాలు నిలిపితే గాలి అందక దుంప కుళ్లిపోతుంది. ఇది మందుకు మించిన మందు, దీనికి కావలసింది కొడవలి, నీళ్లు, ఓపిక.

ఎప్పుడు కోయాలనేది కూడా ముఖ్యం. కండె వేసే వేళ కోయాల. దుంపలో దాచుకున్న బలమంతా అప్పుడు పైకి వచ్చి ఉంటుంది, దుంప బలహీనంగా ఉంటుంది. కండె పండి దూది లేచేదాకా ఆగితే మనమే విత్తనం చల్లినట్లు. ఒక్క కోతతో చావదు. కొత్త మొలక మోకాలెత్తు వచ్చేసరికి మళ్లీ నీళ్ల అడుగున కోయాల. ఏడాదికి రెండు మూడు కోతలు, రెండేళ్లు. ఆ తర్వాత నీళ్లు వదిలేసి, నేల కాస్త గట్టిపడినాక మిగిలిన దుంపలను గడ్డపారతో ఎత్తినాం.

కోత మధ్యలో ఎనుములను తోలినాం. లేత జమ్ము మొలకలను ఎనుము తింటుంది, తొక్కుతుంది. ముదిరినాక ముట్టదు. ఎనుము గిట్టలు కూడా కొడవలే అనుకోండి. గొర్రెలను మాత్రం తడి ఉన్నంతకాలం అటు పోనీయలేదు. కారణం ముందు చెప్తాం.

కోసిన జమ్మును పారేయలేదు. కండె వేయకముందు కోసింది కొట్టాలకు కప్పుగా, పసుపు మడుల్లో మొక్కల మధ్య పరిచేదానికి పనికొచ్చింది. చాపలు అల్లే అక్కలు కొంత తీసుకున్నారు. కూలి డబ్బు కొంతయినా తిరిగి వచ్చింది.

ఇంకో మాట. అంతా ఊడ్చేయొద్దు. మడుల నీళ్లు పల్లంలోకి దిగే చోట కొంచెం జమ్ము వదిలినాం. ఎరువుల నీళ్లను అది వడగడుతుంది, పిట్టలు గూళ్లు పెట్టుకుంటాయి. దాన్ని అంచులో కట్టడి చేసేది మన పని. నాలుగేళ్లు పట్టింది మాకు. ఇప్పటికీ ఒక మూలన జమ్ము ఉంది. అబద్ధం చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మాకు ఇష్టం లేదు.

తుంగ, వయ్యారిభామ

జమ్ము పోయినాక తుంగ లేచింది. తుంగ పైన పీకితే తెగుతుంది, గడ్డ లోపలే ఉంటుంది. ఒక గడ్డ నుంచి గొలుసు మాదిరి పది గడ్డలు. దానికి విరుగుడు ఎండ. నేల ఆరినాక ఎండాకాలంలో లోతు దుక్కి చేసి గడ్డలు పైకి తెచ్చి వారం పది రోజులు ఎండనిస్తే చాలావరకు చస్తాయి. రోటవేటరు తోలితే మాత్రం గడ్డలను ముక్కలు చేసి పొలమంతా పంచినట్లు అవుతుంది. నీడ కూడా తుంగకు పడదు. అందుకే దున్నిన చోటును ఖాళీగా పెట్టలేదు. తొలి వానకు జీలుగ చల్లినాం. జీలుగ తడికి తట్టుకుంటుంది, చౌడుకు తట్టుకుంటుంది, దట్టంగా లేచి తుంగను కప్పేస్తుంది. లేతగా ఉన్నప్పుడు గొర్రెలు, మేకలు తింటాయి, మిగిలింది నేలకు ఎరువు.

తర్వాత అడుగున తడి ఉండే చోట పారా గడ్డి కాడలు నాటినాం. అది నీళ్లలో కూడా పెరుగుతుంది, ఎనుములకు మంచి మేత. కానీ జాగ్రత్త. పారా గడ్డి కాలువలో పడితే అదే రేపటి కలుపు. కాలువ అంచుకు నాలుగు బారల దూరం పెట్టుకోవాల. మిట్టన గరికను ముట్టుకోలేదు, గరిక కలుపు కాదు, మేత భూమికి ప్రాణం.

ఆరిన అంచులో వయ్యారిభామ కూడా వస్తుంది. 1950ల్లో పూణే దగ్గర మొదట చూసిన ఈ మొక్క ఈ పొద్దు మన రోడ్డు పక్కన లేని చోటు లేదు. గొడ్డు తింటే పాలు చేదు, మనిషి ఒంటికి తగిలితే దురద, కొందరికి ఆయాసం. పూత రాకముందు, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకొని వేరుతో పీకాల. పీకిన చోట తగిరిస విత్తనాలు చల్లితే అది వయ్యారిభామను లేవనీయదు. 1980ల్లో మెక్సికో నుంచి తెప్పించి బెంగళూరులో వదిలిన చిన్న పెంకు పురుగు ఒకటి వానాకాలంలో ఈ మొక్క ఆకులను తింటుంది. తెల్లని ఒంటి మీద నల్ల చారలు ఉంటాయి. అది కనిపిస్తే మందు కొట్టి చంపొద్దు, అది మన కూలీ.

కంప కథ మన జిల్లాలోనే మొదలు

సర్కారు కంప అనే పేరు ఊరికే రాలేదు. సర్కారే తెచ్చింది. 1870ల్లో మద్రాసు అటవీ అధికారులు వంటచెరకు కొరత తీరుతుందని జమైకా దిక్కు విత్తనం తెప్పించినారు. మొదట వేసింది ఎక్కడో కాదు, మన కడప జిల్లాలోనే, కమలాపురం దిక్కు. నూట యాభై ఏండ్ల తర్వాత పెన్నలో, వంకల్లో, చెరువుల్లో అదే రాజ్యం చేస్తాంది.

కంపను నరికితే చావదు. ఒక మొద్దుకు పది కొమ్మలు లేస్తాయి. నేల కింద అడుగు లోతున వేరు మొదలుతో సహా లేపాల. కాయలు గొర్రెలు తింటాయి, విత్తనం అరగదు, పెంటికలతో ఊరంతా చల్లుతాయి. కాబట్టి కాయ పండకముందే పెరకాల. పెరికిన చోట రెండేళ్లు మొలకలు చూసుకుంటూ ఉండాల, చేతితో పీకేంత ఉన్నప్పుడే పీకాల. చెరువు కట్ట మీద ఉన్న పెద్ద కంపను జేసీబీతో లేపొద్దు. వేళ్లతో పాటు కట్ట లేస్తుంది. కట్ట మీద మోడు నరికి, చిగురు వచ్చినప్పుడల్లా కొట్టేస్తూ పోవాల.

కంప బొగ్గు కాల్చుకొని బతికే పేద కుటుంబాలు మన ఊళ్లలో ఉన్నాయి. వాళ్లను తరిమి కంప తీయొద్దు. పెరికే పని వాళ్లకే ఇచ్చి, కట్టెలు వాళ్లకే వదలండి. మా ఊళ్లో అట్లనే చేసినాం. ఊరికి కూలి మిగిలింది, వాళ్లకు పొయ్యి ఆరలేదు.

గొర్రెల కాపరులకు ఒక మాట

ఇంతకుముందు గొర్రెలను తడిలోకి తోలొద్దు అన్నాం. కార్జపు జలగ పిల్లలు నీళ్ల అంచున ఉండే నత్తల్లో పెరుగుతాయి. అక్కడి నుంచి కసువుకు అంటుకుంటాయి. గొర్రె ఆ కసువు తింటే జలగ కార్జంలో చేరి రక్తం తాగుతుంది. గొర్రె చిక్కిపోతుంది, కళ్లు పాలిపోతాయి, దవడ కింద నీళ్లు దిగుతాయి. దవడ కింద నీళ్లు కనిపించేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

కాబట్టి నీళ్ల అంచున ఉండే కసువును ఎనుముకైనా గొర్రెకైనా పచ్చిగా వేయకుండా కోసి, బాగా ఎండబెట్టి వేయండి. ఎండలో జలగ పిల్లలు చస్తాయి. వానలకు ముందు, వానలు తగ్గినాక పశువైద్యుణ్ణి అడిగి జలగలకు పనిచేసే నట్టల మందు తాపించండి. అన్ని నట్టల మందులూ జలగలకు పనిచేయవు. మందకు ఏ జలగ పట్టిందో పేడ పరీక్షలో తెలుస్తుంది. మన ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది, ఆ సాయం అడగడం మన హక్కు. బాతులు నత్తలను తింటాయి, బాతులవాళ్లు మీ దిక్కు వస్తే ఆ పల్లంలో దిగనీయండి. అన్నిటికంటే పెద్ద మందు మళ్లీ మురుగుకాలువే. నీళ్లు నిలవకపోతే నత్త నిలవదు.

మందు కొట్టక తప్పదు అనేవాళ్లకు

మందు అసలే వద్దని మేము ఒట్టు పెట్టించడం లేదు. చేనిలో ఎవరి లెక్క వాళ్లది. కానీ ఊరి గొడ్లు నీళ్లు తాగే చోట వద్దు. గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాన్ని లైసెన్సు ఉన్న నిపుణులు తప్ప వేరేవాళ్లు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. పారాక్వాట్ జమ్ము పైన మాత్రమే మాడ్చుతుంది, దుంపను ముట్టదు. అది మనిషి కడుపులోకి పోతే విరుగుడు లేదు. ఆ డబ్బా ఇంట్లో పెట్టుకోవద్దు, కష్టంలో ఉన్న ఇంట్లో అసలే పెట్టుకోవద్దు. ఈ మాట ఎందుకు చెప్తున్నామో ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ తెలుసు. 2,4-డి కొట్టిన ట్యాంకుతో పత్తికి, మిరపకు మందు కొట్టొద్దు. ఎంత కడిగినా వాసన పోదు, పంట పోతుంది.

భూమి కాగితం కూడా కలుపు తీయాల

ఇప్పుడు అసలు మాటకు వస్తాం. జమ్ము తీస్తేనే భూమి మనది కాదు. కాగితంలో కూడా అది మేత పోరంబోకు అని ఉండాల. మీ ఊరి ఆర్‌ఎస్‌ఆర్ నకలు, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబి పటం తీసుకోండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు ఐదు రూపాయలు. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితా 22-ఏలో ఉందో లేదో చూసుకోండి. గ్రామసభలో ఆ భూమి మేతకు వాడుతున్నామని తీర్మానం రాయించి, దాని నకలు ఊళ్లో ఇద్దరి దగ్గర పెట్టుకోండి.

ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించి వాటిని ఊరికి అప్పగించేదానికి పథకాలు తయారు చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఎవరైనా గొలుసు పట్టుకొని వచ్చినప్పుడు ఈ తీర్పు పేరు చెప్పండి. మా ఊళ్లో చెప్పినాం. గొలుసు చుట్టుకొని పోయినారు. మళ్లీ వస్తారేమో తెలియదు. వస్తే వాళ్లకు జమ్ము కనిపించదు, మేసే గొడ్లు కనిపిస్తాయి. పచ్చగా మేస్తున్న మంద ముందు నిలబడి "పనికిరాని భూమి" అనేదానికి ఎవరికైనా నోరు రాదు.

మనం అడగాల్సింది, చేయాల్సింది

సంఘం తరఫున ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. కాలువల మరమ్మతుకు ఇచ్చే డబ్బులో మురుగుకాలువలకు వేరుగా భాగం పెట్టాల. 1997 చట్టం ప్రకారం వచ్చిన నీటి సంఘాలకు మురుగుకాలువ బాధ్యత, దానికి తగిన నిధులు రెండూ ఇవ్వాల, బాధ్యత ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకోకూడదు. ఎండాకాలం ఉపాధి పనుల్లో చెరువు పూడికతో పాటు మేత పోరంబోకులో జమ్ము, కంప తీసే పని చేర్చాల.

అడిగేది అడుగుదాం. కానీ ఇచ్చేదాకా కూర్చోవద్దు. వచ్చే ఎండాకాలం కాలువకు నీళ్లు ఆగిన వారంలో ప్రతి ఊళ్లో ఒక రోజు పెట్టుకోండి. ఇంటికొక మనిషి, ఇంటికొక పార. గొడ్లు లేని ఇల్లు కూడా రావాల, ఎందుకంటే ఆ ఇంట్లో పిల్లలు తాగేది కూడా ఊరి పాలే. కూలికి పోయే ఇంటివాళ్లు ఒక పూట వస్తే చాలు, ఆ పూట కూలి ఊరు కట్టుకోవాల. మూతి దగ్గర మొదలుపెట్టి పైకి నడవండి.

మా ఊళ్లో పోయిన ఏడు ఆ పని రోజున పత్తి పోగొట్టుకున్న రైతు కూడా పార పట్టుకొని వచ్చినాడు. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం సంగటి ముద్ద అందరితో కలిసి తిన్నాడు. మాకు ఆ పొద్దు జమ్ము చచ్చినదానికంటే అదే పెద్ద సంతోషం.

మీ ఊరి మూతి ఎక్కడ మూసుకుందో ఇంటికి పోయే దారిలోనే ఒకసారి చూసుకోండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.